కొత్త క్లాసిక్‌కి పాత బుల్లెట్ సౌండ్ కావాలంటే: సైలెన్సర్ ఎంపిక గురించి నా అనుభవం

ఒంగోలు నుంచి ఒక తమ్ముడు రాసి పంపిన ప్రశ్న ఇదీ. తన దగ్గర 2022 మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఉంది. సౌండ్ చప్పగా ఉందట. నాన్నగారి 1992 బుల్లెట్ లాగా డుగ్ డుగ్‌మని రావాలట. ఒక షాపులో షార్ట్ బాటిల్ (పొట్టి సైలెన్సర్) వెయ్యమన్నారు, ఇంకో షాపులో పంజాబ్ సైలెన్సర్ (బిగ్గరగా మోగే రకం) అన్నారు, ఫ్రెండ్స్ ఏమో అక్రాపోవిచ్ కంపెనీ సైలెన్సర్ ఆన్‌లైన్‌లో మూడు వేలకే వస్తుందని చెప్పారు. ఏది తీసుకోవాలి, పోలీసులు ఆపితే ఏమవుతుంది అని అడిగాడు. నాన్నగారి బండి పదేళ్లుగా షెడ్డులో పట్టా కప్పి ఉందని చివర్లో ఒక ముక్క రాశాడు. ఆ ముక్క దగ్గరికి తర్వాత వస్తాను.

తమ్ముడూ, నెల్లూరులో పాతికేళ్లకు పైగా బండ్లు విప్పి బిగిస్తున్నాను. సౌండ్ కోసం వచ్చినవాళ్లను ఎప్పుడూ తిట్టి పంపలేదు. బండి మీద ప్రేమలో సగం చెవిలోనే ఉంటుంది. అందుకే డబ్బు పెట్టే ముందు నీకు ఒక విషయం తెలియాలి. సౌండ్ పుట్టేది ఇంజన్‌లో. సైలెన్సర్ దాంట్లో కొంత ఆపుతుంది, కొంత వదులుతుంది. ఇంజన్‌లో లేనిదాన్ని ఏ సైలెన్సరూ తేలేదు.

నాన్నగారి బండి, నీ బండి రెండూ 350లే. లోపల మాత్రం చాలా తేడా. పాత కాస్ట్ ఐరన్ ఇంజన్ 346 సీసీ. బోరు (సిలిండర్ వెడల్పు) 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 90. కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలిని ఎన్ని రెట్లు నొక్కుతుందనే లెక్క, 6.5 మాత్రమే. పెద్ద ఫ్లైవీల్ (బరువు చక్రం), స్విచ్చులా తెరుచుకుని మూసుకునే పాయింట్లతో ఇగ్నిషన్. నీది 349 సీసీ. బోరు 72, స్ట్రోకు 85.8, కంప్రెషన్ 9.5. పైగా ఫ్యూయల్ ఇంజక్షన్, వైబ్రేషన్ తగ్గించే బ్యాలన్సర్ షాఫ్ట్.

ఇప్పుడు చిన్న లెక్క చూడు. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే ఒకసారి పేలుతుంది. బాగా ట్యూన్ చేసిన పాత బుల్లెట్‌ను ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు, 600 ఆర్‌పీఎం (నిమిషానికి 600 చుట్లు) దాకా దించేవాళ్లం. అంటే సెకనుకు 5 దెబ్బలు. రోకటి పోటులాగా ఒక్కో దెబ్బా విడిగా వినిపిస్తుంది, మధ్యలో ఖాళీ తెలుస్తుంది. నువ్వు డుగ్ డుగ్ అంటున్నది నిజానికి ఆ ఖాళీనే. నీ బండి ఐడిలింగ్ వెయ్యి పైన ఉంటుంది, అంటే సెకనుకు 8 దెబ్బలకు పైనే. దాన్ని కంప్యూటర్ నడుపుతుంది కాబట్టి స్క్రూ తిప్పి దించే వీల్లేదు. దెబ్బలు దగ్గరపడేసరికి ఖాళీ పోయి దడదడ అవుతుంది. నాన్నగారి బండి స్టాండ్ మీద ఉన్నప్పుడు హ్యాండిల్, మడ్‌గార్డు, నంబరు ప్లేటు అన్నీ ఊగేవి కదా, ఆ ఊపు కూడా మన జ్ఞాపకంలో సౌండ్‌తో కలిసిపోయి ఉంటుంది. బ్యాలన్సర్ షాఫ్ట్ ఆ ఊపును తీసేసింది.

కాబట్టి ఏ సైలెన్సర్ వేసినా నీ క్లాసిక్ 1992 బుల్లెట్ కాదు. షాపులో ఎవరైనా సేమ్ టు సేమ్ వస్తుందంటే నమ్మొద్దు. నీ బండికి రాగలిగింది ఇప్పటికంటే కాస్త లోతైన, గుండ్రటి సౌండ్. అది కూడా మంచి సౌండే. దాని కోసం ఏం చూడాలో చెప్తాను.

ముందు లోతు అంటే ఏమిటో చూద్దాం. కుళాయి కింద బిందె పెట్టినప్పుడు విను. ఖాళీ బిందెలో నీళ్లు పడుతుంటే శబ్దం లావుగా ఉంటుంది. నిండేకొద్దీ సన్నబడుతూ పైకి పోతుంది. లోపల గాలి ఉన్న జాగా తగ్గడమే కారణం. పక్క గదిలో కూర్చున్నా బిందె నిండిందని చెవే చెప్తుంది. సైలెన్సర్ కూడా అంతే. లోపల జాగా ఎక్కువుంటే, పొడవు ఎక్కువుంటే సౌండ్ లావుగా వస్తుంది. పొట్టిగా, సన్నగా ఉంటే గొంతు పైకి లేస్తుంది. షార్ట్ బాటిల్ వేసిన బండి బిగ్గరగా ఉంటుంది కానీ లోతు ఉండదు. బిగ్గర వేరు, లోతు వేరు. మన కుర్రాళ్లలో చాలామంది లోతు కావాలని వచ్చి బిగ్గర కొనుక్కుని వెళ్తారు. రెండు రోజులు సంబరం, మూడో వారం మళ్లీ పాత సైలెన్సర్ బిగించమని నా దగ్గరికే వస్తారు.

ఇక లోపలి కట్టుబడి. ప్రధానంగా రెండు రకాలు. ఒకటి గదుల సైలెన్సర్. లోపల అడ్డు పలకలు, గొట్టాలు ఉంటాయి, పొగ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరిగి తిరిగి బయటికి వస్తుంది. కంపెనీ ఇచ్చేది సాధారణంగా ఇదే. రెండోది గ్లాస్ వుల్ (గాజు దూది) సైలెన్సర్. మధ్యలో చిల్లుల గొట్టం నేరుగా వెళ్తుంది, దాని చుట్టూ గ్లాస్ వుల్ చుట్టి పైన డబ్బా వేస్తారు. గ్లాస్ వుల్ సన్నటి, గీరే శబ్దాలను బాగా పీల్చుకుంటుంది. లావు శబ్దాలను అంతగా ఆపలేదు. అందుకే కొత్తలో గ్లాస్ వుల్ సైలెన్సర్ వినడానికి చాలా బాగుంటుంది. సమస్య తర్వాత వస్తుంది.

పోయినేడాది ఒక కుర్రాడు అయిదు నెలలు వాడిన సైలెన్సర్ తెచ్చాడు. దానిమీద అక్రాపోవిచ్ అని స్టిక్కరు. కొన్నప్పుడు బ్రహ్మాండంగా ఉందట, ఇప్పుడు రేకు డబ్బా కొట్టినట్టు మోగుతోందట. అతని ఎదురుగానే గ్రైండర్‌తో నిలువునా కోశాను. ఇంజన్ వైపు జానెడు మేర చిల్లుల గొట్టం చుట్టూ ఏమీ లేదు. వుల్ అంతా కాలి, పొడై, చిల్లుల్లోంచి బయటికి ఎగిరిపోయింది. వెనక వైపు మాత్రం నల్లటి ముద్ద ఒకటి, గుప్పిట్లో పట్టేంత, మూలకు ఒదిగి ఉంది. గొట్టం చిల్లులు డ్రిల్‌తో వేసి గరుకు తియ్యకుండా వదిలేశారు. వెల్డింగ్ ఒక పక్కనే ఉంది. ఆ వుల్ ముక్కలు గుచ్చుకుని నా ముంజేతులు రెండు రోజులు దురద పెట్టాయి. మీరెవరైనా విప్పితే చేతికి గ్లౌజులు, ముక్కుకు గుడ్డ తప్పకుండా పెట్టుకోండి.

అసలు అక్రాపోవిచ్ స్లొవేనియా దేశం కంపెనీ. రేసు బండ్లకు చేస్తారు. వాళ్ల సరుకు వేలల్లో కాదు, పదుల వేలల్లో ఉంటుంది. మూడు వేలకు వచ్చేది ఆ పేరు అంటించిన కాపీ. ఇంకో సంగతి. ఆ పేరుతో మనం వీడియోల్లో వినే సౌండ్ చాలాసార్లు నాలుగు సిలిండర్ల బండిది. 6000 ఆర్‌పీఎం దగ్గర ఒక సిలిండర్ బండి సెకనుకు 50 సార్లు పేలితే, నాలుగు సిలిండర్ల బండి 200 సార్లు పేలుతుంది. ఆ కేక నీ ఇంజన్‌లో లేదు. సైలెన్సర్ అసలుదైనా రాదు.

వీడియోలు చూసి సైలెన్సర్ కొనడం మానుకో. ఫోన్ మైకు పెద్ద శబ్దాన్ని తనంతట తానే తగ్గించి రికార్డు చేస్తుంది. ఫోన్ స్పీకర్ లావు శబ్దాలను అసలు పలికించలేదు. నీకు కావలసిన బేస్ ఆ రెండు చోట్లా పోతుంది. ఇక నువ్వు విని తేల్చుకునేది ఏముంది?

బండి మీద బిగించి ఉన్నదాన్నే వినాలి, అదీ నీ ఇంజన్‌కే బిగించి ఉండాలి. 2021 సెప్టెంబరుకు ముందు వచ్చిన క్లాసిక్‌ల ఇంజన్ వేరు, వాటి మీద విన్నది నీకు పనికిరాదు. ఒంగోలులో ఇన్ని క్లాసిక్‌లు తిరుగుతున్నాయి, ఎవరినైనా అడుగు. బండి వాళ్లు సంతోషంగా వినిపిస్తారు. కొత్తపట్నం బీచ్ రోడ్డు మీద పొద్దున్నే ఖాళీగా ఉంటుంది, అక్కడికి వెళ్లండి. స్టాండ్ వేసి రేజ్ చేయించి వినొద్దు. అది షాపువాడు వినిపించే పద్ధతి. రోడ్డు పక్కన నువ్వు నిలబడి, మూడో గేరులో 40 స్పీడులో నిన్ను దాటి వెళ్లమను. దగ్గరికి వచ్చేటప్పుడు కాదు, దాటి పోయాక వెనక నుంచి వచ్చే సౌండే అసలుది. తర్వాత నువ్వు ఎక్కి, హెల్మెట్ పెట్టుకుని, టాప్ గేరులో 70, 80 మధ్య ఆపకుండా అరగంట నడుపు. కొన్ని సైలెన్సర్లు ఊళ్లో బాగుంటాయి, హైవే ఎక్కాక ఒకే స్పీడులో చెవిలో గుంయ్‌మని మొదలవుతుంది. ఒంగోలు నుంచి కావలి వచ్చేసరికి తలనొప్పి వస్తుంది. ఆ ఒక్క కారణంతో అమ్ముకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు.

షాపులో చేతికి తీసుకున్నప్పుడు ముందు బరువు చూడు. తర్వాత స్పానర్ వెనక వైపుతో మెల్లగా కొట్టు. టంగ్‌మని మోగితే పల్చటి రేకు. ఆ మోత నీ సౌండ్‌లో కలుస్తుంది. దబ్‌మని చచ్చుగా పలికితే మందపు రేకు, లేదా రెండు పొరలు. రేకు ఏ లోహమో మనకు బాగా తెలియాలి, ఎందుకంటే మనది సముద్రపు గాలి. నెల్లూరు, ఒంగోలు, కావలి ఎక్కడైనా మామూలు ఇనుము మీద క్రోమ్ పూత రెండు వానాకాలాలకు పొక్కులు లేస్తుంది. స్టెయిన్‌లెస్ 304 అని చెప్తే అయస్కాంతం పెట్టి చూడు. గట్టిగా అంటుకుంటే 304 కాదు. అంటుకోకపోయినా పూర్తిగా నమ్మేయొద్దు. 202 రకం స్టీలు కూడా అంటుకోదు, కానీ ఉప్పు గాలికి తుప్పు పడుతుంది. బిల్లు మీద గ్రేడు రాసివ్వమని అడుగు. రాయనంటే అర్థం చేసుకో.

తుప్పు లోపల నుంచి కూడా వస్తుంది. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. దూరం వెళ్తే సైలెన్సర్ వేడికి అది బయటికి పోతుంది. ఇంటి నుంచి మార్కెట్‌కీ మార్కెట్ నుంచి ఇంటికీ తిరిగే బండిలో ఆ నీళ్లు లోపలే నిలుస్తాయి. అందుకే కింద చిన్న రంధ్రం ఉండాలి. చౌక సైలెన్సర్లలో చాలావాటికి ఉండదు. ఉన్నా కొందరు మెకానిక్‌లు లీకేజీ అనుకుని వెల్డింగ్‌తో మూసేస్తారు.

సౌండ్ కోసం లోపలి గొట్టం పీకేసే పని మాత్రం చెయ్యొద్దు. ఇది నేను పని నేర్చుకునే రోజుల్లోనే చూశాను. అప్పట్లో యమహా ఆర్‌ఎక్స్ 100 అనే టూ స్ట్రోక్ బండి అంటే పిచ్చి. ఒకాయన సౌండ్ కావాలంటే సైలెన్సర్ చివర బోల్టు విప్పి బఫిల్ గొట్టం తీసేశాం. వీధంతా వినపడింది, ఆయన సంతోషంగా వెళ్లాడు. మూడో రోజు తిరిగి వచ్చాడు. భార్యను ఎక్కించుకుని నరసింహకొండ ఎక్కుతుంటే బండి లాగలేదట. అప్పుడు మా మేస్త్రీ కూర్చోబెట్టి చెప్పాడు. టూ స్ట్రోక్‌లో సైలెన్సర్ ఇంజన్‌లో భాగమేనట. బయటికి పోయిన ఒత్తిడి అల లోపలి శంకువుకు తగిలి వెనక్కి వచ్చి, జారిపోబోయే పెట్రోలును మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుందట. దాని కొలత చెడితే లాగుడు చెడుతుంది. గొట్టం మళ్లీ బిగించి, బోల్టుకు తీగ కట్టి ఇచ్చాం.

నీది ఫోర్ స్ట్రోక్. అంత సున్నితం కాదు కానీ సూత్రం ఉంది. ఇంజన్‌కు బ్యాక్ ప్రెషర్ కావాలని చాలామంది అంటారు. కావలసింది ఒత్తిడి కాదు, పొగ పోయే వేగం. బెండ్ పైపు (ఇంజన్ నుంచి సైలెన్సర్ దాకా వచ్చే వంపు గొట్టం) లావు చేస్తే ఆ వేగం పడిపోయి, నీ బండికి బలమైన తక్కువ ఆర్‌పీఎం లాగుడే పోతుంది. అందుకే బెండ్ పైపును ముట్టుకోకు. వెనక సైలెన్సర్ ఒక్కటే మార్చు. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులు తగ్గించే భాగం) తీసేయ్, ఖాళీ పైపు వేస్తాం అనే షాపు నుంచి వెంటనే బయటికి వచ్చెయ్. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 (కాలుష్య ప్రమాణం) బండ్లన్నిటికీ అది ప్రాణం. పొగలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్ వైరు తెగితే చెక్ ఇంజన్ లైట్ వెలుగుతుంది, మైలేజీ పోతుంది.

ఇప్పుడు పోలీసుల సంగతి. దొరక్కుండా ఎలా అని కాదు, రూలు ఏమిటో చెప్తాను. 175 సీసీ దాటిన టూవీలర్‌కు తయారీలో శబ్ద పరిమితి 80 డెసిబెల్స్. అది బండి పక్కగా వెళ్తుంటే ఏడున్నర మీటర్ల దూరంలో మైకు పెట్టి కొలిచేది. నువ్వు సైలెన్సర్ పక్కన ఫోన్ పెట్టి యాప్‌లో 95 వచ్చిందని కంగారు పడనక్కర్లేదు, 85 వచ్చిందని ధీమా కూడా వద్దు. దూరం వేరైతే లెక్క వేరు. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద శబ్దం, కాలుష్యం ప్రమాణాలు మీరితే 2019 సవరణ తర్వాత 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సు మూడు నెలలు రద్దు దాకా వెళ్లొచ్చు. సొంతంగా మార్పులు చేయించిన యజమానికి 182ఎ సెక్షన్‌లో మార్పుకు 5,000 చొప్పున ఉంది. మన రాష్ట్రంలో పట్టుకున్న సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించడం నువ్వూ చూసే ఉంటావు. సైలెన్సర్ మీద ఆఫ్ రోడ్ యూజ్ ఓన్లీ అని చెక్కి ఉంటే, అది రోడ్డుకు కాదని కంపెనీయే ముందుగా చెప్పినట్టు. డీబీ కిల్లర్ (సైలెన్సర్ చివర శబ్దం తగ్గించే ముక్క) పెట్టి తిరుగుతాను, ఊరు దాటాక తీస్తాను అంటారు కొందరు. తీసిన రోజే ఆ ముక్క ఎక్కడో పోతుంది.

రూలు ఒక్కటే కాదు. నెల్లూరులో పొగతోట అంటే వరసగా ఆసుపత్రులు. మా అమ్మను అక్కడ చేర్చినప్పుడు రాత్రి పదకొండింటికి ఒక బండి కింద నుంచి పోయింది. ఆపరేషన్ అయిన మనిషి, మత్తులో నిద్ర పట్టింది అప్పుడే, ఉలిక్కిపడి లేచి కుట్ల మీద చెయ్యి పెట్టుకుంది. అది ఎవరి పనో నాకు తెలియదు. ఆ సౌండ్ మాత్రం ఏ రకం సైలెన్సర్‌దో ఒక్క క్షణంలో తెలిసింది. అలాంటివి నా చేతులతో ఎన్నో బిగించాను. ఆ రోజు నుంచి బిగ్గరగా మోగే సైలెన్సర్లు బిగించడం మానేశాను.

నా సలహా సూటిగా చెప్తున్నా. షార్ట్ బాటిల్ వద్దు, పంజాబ్ వద్దు, ఆ కాపీ అసలే వద్దు. మొదట నీ స్టాక్ సైలెన్సర్‌నే సరిగ్గా విను. ఇంజన్ హెడ్‌కు పైపు కలిసే దగ్గర ప్యాకింగ్ పోయి గాలి లీకైతే సౌండ్ పల్చబడుతుంది, యాక్సిలరేటర్ వదిలినప్పుడు పటపటమంటుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, జాయింటు చుట్టూ సబ్బు నీళ్లు కొట్టు. బుడగలు వస్తే లీకు ఉన్నట్టు. బండి వేడెక్కాక ఈ పని చెయ్యొద్దు. హీట్ షీల్డ్ స్క్రూలు, క్లాంప్ బిగువు కూడా చూడు. చప్పగా ఉంది అని వచ్చిన బండ్లలో కొన్నిటికి ఈ ప్యాకింగ్ ఒక్కటే మార్చి పంపాను, మళ్లీ రాలేదు.

అప్పటికీ తృప్తి లేకపోతే నీ మోడల్‌కు షోరూంలోనే యాక్సెసరీగా సైలెన్సర్ ఏదైనా ఇస్తున్నారేమో అడుగు, వారంటీ మాట కాగితం మీద రాయించుకో. బయట కొంటే పొడవైనది, లోపల గదులున్నది, చివర రంధ్రం చిన్నగా ఉన్నది, శబ్ద పరిమితి సర్టిఫికెట్ చూపించగలిగినది. అది దొరక్కపోతే ఆగు. తీసిన స్టాక్ సైలెన్సర్‌ను అమ్మకుండా గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ అయినా, బండి అమ్మాలన్నా ముందు అడిగేది దాన్నే.

ఇక షెడ్డులో ఉన్న బండి. తమ్ముడూ, నీకు కావలసిన సౌండ్ దాంట్లోనే ఉంది. సైలెన్సర్ల మీద పెట్టాలనుకున్న డబ్బు ముందు దాని మీద పెట్టు. పదేళ్లు ఆగిన బండిని ఉత్సాహంతో కిక్ కొట్టేయకు. స్పార్క్ ప్లగ్ విప్పి సిలిండర్‌లోకి కాస్త ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలెయ్. తెల్లారి డీకంప్రెషన్ లివర్ (సిలిండర్‌లో ఒత్తిడి వదిలే లివర్) పట్టుకుని కిక్కును చేత్తో మెల్లగా దించు. ఇంజన్ తిరిగితే సగం పని అయినట్టే. ట్యాంకులో పాత పెట్రోలు పారబోసి లోపలి తుప్పు చూడు, కార్బ్యురేటర్ విప్పి జెట్లు (పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రాలు) కడిగించు, పాయింట్లు శుభ్రం చేయించి గ్యాప్ పెట్టించు, ఆయిల్ మొత్తం మార్చు. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి ఆర్‌సీ రెన్యూవల్, ఫిట్‌నెస్ ఎక్కడిదాకా వచ్చాయో నాన్నగారి కాగితాల్లో వెతుకు.

స్టార్ట్ అయ్యాక ఒక జాగ్రత్త. డుగ్ డుగ్ కోసం ఐడిలింగ్ మరీ కిందికి దించొద్దు. ఆ ఇంజన్‌లో ఆయిల్ పంపు క్రాంక్ వేగంతోనే నడుస్తుంది. మరీ మెల్లగా తిరిగితే బిగ్ ఎండ్‌కు (పిస్టన్ రాడ్ క్రాంక్‌తో కలిసే చోటు) ఆయిల్ సరిగ్గా అందదు. సౌండ్ కోసం అలా వదిలేసి క్రాంక్ మార్చుకున్న బండ్లు నా షాపులో చాలా దిగాయి.

పాత సైలెన్సర్ తుప్పు పట్టి చిల్లులు పడినా పారెయ్యకు. అదే పొడవు, అదే లోపలి కట్టుబడి ఉన్నది వెతకడానికి కొలత కావాలి. నెల్లూరు వచ్చేటప్పుడు దాన్ని కూడా తీసుకురా. నాన్నగారిని వెంట తీసుకొస్తే ఇంకా మంచిది. ఆ బండి కొత్తలో ఎలా పలికేదో తెలిసినది ఆయనకే.